సర్దార్ బతికే దారి

పోయిన నెల మా అక్క కూతురు స్నేహ హైదరాబాదు నుంచి వచ్చింది. వాళ్ల నాన్న, అంటే మా ఇమ్మానుయేలు బావ, చాలా రోజులుగా దగ్గుతున్నాడు. బొగ్గు గనిలో, మా మాటలో బాయిలో, పనిచేసి రిటైరైనవాళ్ల ఇళ్లలో దగ్గంటే ఎవరూ పైకి అనుకోని భయం. మేమూ అనుకోలేదు. స్నేహ వచ్చి స్కాన్ తీయించి, డాక్టరు దగ్గర కూర్చోబెట్టింది. ఊపిరితిత్తుల్లో పాత బొగ్గు దుమ్మే తప్ప కొత్తగా ఏమీ లేదని, మందులు వాడితే తగ్గుతుందని ఆయన చెప్పాక, గోదావరిఖనిలోని అక్క ఇంటికి వచ్చి బావను మంచం మీద పడుకోబెట్టి మిగతావాళ్లం చాప మీద కూలబడ్డాం. అప్పటిదాకా ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు. భయం పోయిన ఇంట్లో మాటలు వాటంతట అవే వస్తాయి. ఎవరెవరి పెళ్లిళ్లో, ఎక్కడెక్కడి ముచ్చట్లో అయ్యాక, "నీ ఆఫీసుల ఏం పని చేస్తవే?" అని నేను స్నేహను అడిగాను. అంతకు ముందు రెండుమూడుసార్లు చెప్పే ఉంటుంది, నాకు తలకెక్కలేదు.

బయటి దేశాల వీడియో గేములను ఇంగ్లీషులోకి మార్చి, తప్పులు లేకుండా చూసే ఆఫీసు వాళ్లది. దానికోసమే జపాను భాష నేర్చుకుంది. "గిది చూడు చిన్నమ్మా, మస్తు పాత సిరీస్. అక్కడ ఒక్కో కార్టూన్ సీరియల్‌కు ఒక్కో పెద్ద రోబో ఉంటది. గవన్నిటిని ఒక్క ఆటల కలిపిండ్రు. దాని వెనుక ముచ్చట్లు అన్నీ చదువుతున్న ఇప్పుడు" అని ఫోన్ నా ముందు పెట్టింది. పొట్టి కాళ్లు, పెద్ద తలలు ఉన్న ఇనుప బొమ్మలు వరసగా నిలబడి ఉన్నాయి. వాటి కింద చిన్న గడిలో ఒక ముసలాయన ముఖం. గుబురు మీసం, ఎడమ కంటి మీద గాటు.

"గీయన సర్దార్ గదనే" అన్నాను.

మంచం మీద పడుకున్న బావ లేచి కూర్చున్నాడు. "ఏదీ, ఇటియ్యి" అని ఫోన్ తీసుకొని, కళ్లద్దాలు పైకి జరిపి చాలాసేపు చూశాడు. స్నేహకు ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యే వీలూ లేదు. ఆ సర్దార్ ముచ్చట నాటికి అది ఇంకా పుట్టలేదు, మా అక్క కడుపులో ఉంది.

అప్పుడు నేను ఇంటరు పాసై ఇంట్లో ఉన్నాను. మా బాపు బొగ్గు బాయిలో చూపు పాడై డ్యూటీకి పనికిరాడని తేలాక, ఆ నౌకరి అల్లుడైన ఇమ్మానుయేలు బావకు వచ్చింది. అమ్మ లేదు. ఖాళీగా కూర్చోవడం నా వల్ల కాక, చౌరస్తా వెనక సందులో ఒక గదిలో వీడియో గేముల దుకాణం పెట్టాను. ఆడపిల్ల గేముల దుకాణం పెట్టడమేమిటని మా చర్చిలో కొందరు మూతి విరిచారు. బాపు మాత్రం, "పిల్లలు ఎండల తిరుగుడు కంటె నీడపట్టున కూసుంటరు. తప్పేంది?" అన్నాడు. పక్క గదిలోనే టీవీలు, రేడియోలు బాగుచేసే ఖాజా భాయ్ ఉండేవాడు. డిస్కులు వేసే మెషిన్లు, పాత టీవీలు ఆయనే సమకూర్చాడు. ఆయన హైదరాబాదుకు సామాను కోసం వెళ్లినప్పుడల్లా డిస్కులు తెచ్చేవాడు. వాటి మీద ఏం రాసి ఉందో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. బొమ్మ బాగుంటే తెచ్చేవాడు.

ఆ గది వాసన నాకిప్పటికీ ముక్కులో ఉంది. వేడెక్కిన ప్లాస్టిక్కు, పిల్లల చేతుల చెమట, సందులో ఎవరో రాజేసిన బొగ్గు పొయ్యి పొగ, మధ్యాహ్నమైతే ఖాజా భాయ్ వాళ్లమ్మ పంపే చింతపండు పప్పు తాలింపు. దుకాణం కాలం గడియారం చూసి నడిచేది కాదు, షిఫ్టులను బట్టి నడిచేది. మొదటి షిఫ్టు సైరన్ కూశాక బాపు ఇంట్లో కీర్తనలు చదువుకొని, టీ తాగి, నాతోపాటు వచ్చి తలుపు తీసేవాడు. గుమ్మం పక్కన ఇనుప కుర్చీ వేసుకొని, పెద్దక్షరాల బైబిలు ముఖానికి ఆనించుకొని పైకి చదువుతుంటే, లోపల టీవీల్లో ఒకడినొకడు తన్నుకునే చప్పుళ్లు. నెత్తురు కనబడే ఆట ఎవరైనా పెడితే ఆయనకు ఎట్లా తెలిసేదో, లేచి వచ్చి తువ్వాల తీసి టీవీ మీద కప్పేసేవాడు. ఒక్క రోబోల ఆట మీద మాత్రం ఎప్పుడూ కప్పలేదు. "ఇనుమును ఇనుము కొట్టుకుంటే పాపమేమున్నది?" అనేవాడు.

అది ఎవరికీ పట్టని ఆట. గళ్లుగళ్లుగా ఉన్న మైదానం మీద ఒక్కో రోబోను చదరంగం పావులాగ జరపాలి. మధ్యలో పేజీలకు పేజీలు జపాను రాతలు. పిల్లలు ఒకసారి పెట్టి విసుక్కుని తీసేసేవారు. కానీ దాని మీద అందరికీ సందేహాలుండేవి. రోబోలన్నీ ఎందుకంత పొట్టిగా ఉన్నాయి? టీవీ చిన్నది కాబట్టి పట్టేట్టు గీశారని ఖాజా భాయ్ అనేవాడు. పాటలకు వాయింపే ఉండి పాడేవాళ్లు ఎందుకు లేరు? డిస్కు గీసుకుపోయిందని పిల్లలు అనేవాళ్లు. ఇది ఇంగ్లీషులో ఎందుకు దొరకదు? దొంగ డిస్కు కాబట్టి అని నేను. పేర్లు చదవడం రాదు గనుక మేమే పేర్లు పెట్టుకున్నాం. ఒక తెల్లకోటు ఆమె డాక్టరమ్మ, ఎప్పుడూ అరిచేవాడు లీడరు. గాటున్న మీసాలాయన అందరికంటే ముందు నిలబడి, వెనకవాళ్లకు ఏదో చెబుతూ ఉంటాడు. బాయిలో పనిచోటికి ముందుగా వెళ్లి, పైకప్పు తట్టి చూసి, ఫరవాలేదంటేనే మిగతావాళ్లను రానిచ్చే మనిషిని సర్దార్ అంటారు. అందుకని ఆయన సర్దార్ అయ్యాడు.

ఆ ఏడు ఎండలు ముదురుతున్నప్పుడు బావ పనిచేసేచోట కప్పు కూలింది. బావ, నేను కాక అని పిలిచే ఓదెలు, ఇద్దరూ ఒక జోడీ. కప్పుకు దుంగలు నిలబెట్టే పని వాళ్లది. ఓదెలు కాక పెద్దవాడు, బావకు పని నేర్పిన మనిషి. ఇద్దరూ ఒకే టిఫిన్ గిన్నెలో తినేవాళ్లు. బండ పడి ఓదెలు కాక కాలు కిందే చిక్కుకుంది. మనుషులు వెళ్లి ప్రాణాలతో పైకి తెచ్చారు కానీ దవాఖానాలో మోకాలి కిందనుంచి తీసేయవలసి వచ్చింది. బావకు గీత కూడా పడలేదు. ఇంటికి వచ్చి, స్నానం చేసి, అన్నం తిని పడుకున్నాడు. అక్క దేవునికి స్తోత్రం చెప్పుకుంది. మర్నాడు డ్యూటీకి బయలుదేరినట్టే బయలుదేరాడు. నేను దుకాణం తెరిచేసరికి గుమ్మం ముందు నిలబడి ఉన్నాడు, చేతిలో టిఫిన్ గిన్నెతో.

"ఏంది బావా, డ్యూటీ లేదా?"

"ఉన్నది. జరసేపు కూసుంట."

ఆ జరసేపు వారాలైంది. ఎవరూ పోటీకి రాని ఆట గనుక ఆ రోబోల ఆటే పెట్టుకున్నాడు. మూలనున్న టీవీ ఆయనదైపోయింది. బీడీ లేదు, టీ లేదు, ఎవరితో మాట లేదు. మొదట్లో ఏమీ తెలియక ఓడిపోయేవాడు, పోనుపోను రాతలు చదవకుండానే ఏ రోబో ఎంత దూరం పోగలదో, ఎవరి దెబ్బ ఎంతో పట్టుకున్నాడు. కానీ ఒక ఘట్టం దగ్గరికి రాగానే సర్దార్ చనిపోయేవాడు. గెలిచినా సరే, చివర్లో ఆయన ముఖం వచ్చి ఏదో అంటుంది, తెర తెల్లగా మెరుస్తుంది, తర్వాతి ఘట్టంలో ఆయన గడి ఖాళీ. బావ మళ్లీ ఆటను సేవ్ చేసి దాచుకున్న చోటునుంచి మొదలుపెట్టేవాడు. సర్దార్‌ను వెనక నిలబెట్టి చూశాడు. అసలు కదపకుండా చూశాడు. అందరినీ ఆయన చుట్టూ కోటలా పెట్టి చూశాడు. మెరుపు వచ్చేది, గడి ఖాళీ అయ్యేది.

అక్కకు సంగతి తెలియడానికి ఎన్నో రోజులు పట్టలేదు. నిండు కడుపుతో ఎండలో నడిచి దుకాణానికి వచ్చింది. బావను ఏమీ అనలేదు. నన్ను బయటికి పిలిచింది.

"నువ్వే ఖరాబు చేస్తున్నవ్ ఆయనను. దుకాణం తాళమెయ్యి, ఏడికి పోతడో చూద్దాం."

"ఏడికన్న పోతే అక్కా? ఇక్కడ కండ్ల ముందన్న ఉన్నడు."

"నాగాలు పెరిగితే నౌకరి ఉంచుతరా సువార్తా? క్వార్టరు ఉంటదా? బాపు కండ్లు పోగొట్టుకున్న నౌకరి అది. ఇంట్ల ఇంకొకటి లేదు."

బాపు గుమ్మంలో బైబిలు మూసి, మసక కళ్లతో సందులోకి చూస్తూ కూర్చున్నాడు. యూనియన్ వాళ్లు వచ్చి బావకు నచ్చజెప్పారు. పాస్టరుగారు వచ్చి తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. బావ అన్నింటికీ తల ఊపేవాడు. బాయిలోకి దిగడానికి భయపడుతున్నాడని అందరం అనుకున్నాం. భయపడితే మాత్రం తప్పేముందని నేను లోలోపల అనుకునేదాన్ని. అక్క ముఖం చూస్తే ఆ మాట పైకి వచ్చేది కాదు. రోజూ పొద్దున దుకాణం తలుపు తీస్తూ, ఈ రోజు ఆయన గుమ్మంలో ఉండకూడదని కోరుకునేదాన్ని. ఉండకపోతే ఎక్కడున్నాడోనని భయమేసేది.

ఒక మధ్యాహ్నం బడిపిల్లలింకా రాని వేళ సందులో ఆటో ఆగింది. కర్రల చప్పుడు మెల్లగా గుమ్మం దాకా వచ్చింది. ఓదెలు కాక. లుంగీ ఒక పక్క మడిచి కట్టుకున్నాడు, చిక్కిపోయాడు. బాపు ఆ చప్పుడు విని ఎవరని అడగకుండానే లేచి తన ఇనుప కుర్చీ ముందుకు జరిపాడు. బావ ఒక్క ఉదుటున లేచాడు. చేతిలోని రిమోటు వైరు లాగి మెషిను బల్ల అంచు దాకా వచ్చేసింది. నేను పట్టుకున్నాను గానీ ఆట ఆరిపోయింది.

"ఏం తమ్మీ, బాగున్నవా?" అన్నాడు ఓదెలు కాక కుర్చీలో సర్దుకుంటూ.

బావ చేతిలోని రిమోటును బల్ల మీద పెట్టాడు.

"దవాఖానల ఉన్నన్ని దినాలు తలుపు దిక్కే చూసిన. అందరొచ్చిండ్రు. బెల్లంపల్లి నుంచి మా బామ్మర్ది సుత వచ్చిండు. నువ్వు రాలే."

"గేటు దాక వచ్చిన అన్నా. లోపలికి కాళ్లు రాలే."

"ఎందుకు?"

"నిన్ను ఆన్నే ఇడిసిపెట్టి ఉరికిన గద."

మాకు అప్పుడు తెలిసింది. బావ భయపడింది బాయికి కాదు. ఓదెలు కాక నా వైపు తిరిగి మంచినీళ్లు అడిగాడు. ఇచ్చాను. నిదానంగా గ్లాసంతా తాగి కింద పెట్టాడు.

"ఉరుకుమన్నది ఎవరు?"

"నువ్వే."

"కప్పు పటపటమని మాట్లాడుతున్నదని ముందుగాల ఎవనికి ఇనబడ్డది? నాకే గద. నీ వీపు మీద చెయ్యేసి నూకింది నేనే గద. ఇమ్మానుయేలూ, నువ్వు ఉరికి పోయి చెప్పినవు గనుకనే మంది జల్ది వచ్చిండ్రు. నా పక్కన కూసోని ఏడిస్తే ఇద్దరం ఆన్నే ఉందుము. చెప్పేటోడు ఉండకపోవు. నా కాలు పోయింది, నేను పోలే. గింత చిన్న ముచ్చట చెప్పెటందుకు కర్రల మీద నేను రావాల్నా?"

బావ గోడకు ఆనుకొని కిందికి జారి కూర్చుని ఏడ్చాడు. ఆయన ఏడవడం నేను అదివరకు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. ఓదెలు కాక ఆపమనలేదు. కొంతసేపటికి కర్ర కొనతో బావ మోకాలిని పొడిచి, "నాకు పైన లాంపు రూముల డ్యూటీ ఇస్తమన్నరు. వచ్చే సోమారం ఎక్కుత. బాయిల దిగేటప్పుడు నీకు లైటు నేనే ఇయ్యాలె, ఎక్కి వచ్చినంక నాకే అప్పజెప్పాలె. ఇగ నాగా పెడితే ఊకోను" అన్నాడు. బాపు మెల్లగా "ఆమేన్" అన్నాడు. ఎవరూ ప్రార్థన చేయకముందే ఆయన ఆమేన్ అనడం చూసి నాకు నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి.

బావ మళ్లీ ఆ ఆట ముట్టలేదు. సర్దార్ అట్లాగే ఉండిపోయాడు. ఆ తర్వాత ఇంటింటికీ కంప్యూటర్లు వచ్చి దుకాణం మూతపడింది, నేను టీచరు ట్రైనింగు చేసి జ్యోతినగర్‌లో ఒక బడిలో చేరాను, బాపు పోయాడు. అయినా అప్పుడప్పుడు, పిల్లల పేపర్లు దిద్దుతూనో, బస్సులో కూర్చునో ఆ తెల్లటి మెరుపు గుర్తొచ్చేది. ఆ మనిషి బతికే దారి అందులో అసలు ఉందా, లేక లేనిదాన్ని వెతుక్కుంటూ బావ అన్నాళ్లు కూర్చున్నాడా అని.

ఇదంతా విని స్నేహ మా పాత సందేహాల దగ్గరికి వచ్చింది. వాటికి జవాబులు ఒక్కొక్కటే చెప్పుకొచ్చింది. ఒక కథలో రోబో మేడంత ఉంటుంది, ఇంకో కథలో గుట్టంత ఉంటుంది. ఉన్నవి ఉన్నట్టు గీస్తే ఒకే మైదానంలో ఒకటి కనబడదు, ఇంకొకటి పట్టదు. అందుకే అన్నింటినీ ఒకే ఎత్తు పొట్టి బొమ్మలుగా గీశారు. ఖాజా భాయ్ చెప్పింది మరీ తప్పేం కాదన్నమాట. ఒక్కో రోబోకు ఒక్కో సొంతదారు. అందరినీ ఒప్పించి ఒక చోటికి తేవడమే పెద్ద పని, మళ్లీ పరాయి దేశాలకు పంపాలంటే అందరినీ మొదటినుంచి అడగాలి. అందుకే చాలాకాలం ఆ ఆటలు వాళ్ల భాష దాటి రాలేదు. పాటలకూ అట్లాగే, బాణీని కొత్తగా వాయించి పెట్టుకున్నారు, పాడిన గొంతులు లేవు. తర్వాత తర్వాత మాటలు కూడా చేర్చినప్పుడు, గొంతు ఇచ్చిన నటులెవరైనా చనిపోయి ఉంటే, కొన్నిసార్లు ఇంకొకరిని పెట్టకుండా పాత రికార్డింగుల్లోని మాటలే ఏరి వాడుకున్నారట.

"వాళ్లింటోళ్లు ఇంటరా మరి, ఆ గొంతు?" అని అక్క అడిగింది. స్నేహకు తెలియదు.

"మరి సర్దార్?" అన్నాను నేను, ఉండబట్టలేక.

"ఆయన కథల ఆయన చచ్చిపోతడు చిన్నమ్మా. గందుకే ఆటల సుత చచ్చిపోతడు. కానీ బతికిచ్చే దారి దాచిపెట్టిండ్రు. ఈ ఆటలల్ల గట్లాంటివి మస్తుంటయ్. చిన్నప్పుడు ఆ సీరియళ్లు చూసి ఏడ్చినోళ్లే పెద్దగై గివి రాసిండ్రు కావచ్చు, వాళ్లకు మనసొప్పలేదు."

బావ గొంతు సవరించుకున్నాడు. "ఏం చెయ్యాలె?"

"మస్తు ముందుగాల ఘట్టాలల్ల చెయ్యాలె డాడీ. ఫలానా మనిషితోని ఫలానా మనిషిని మాట్లాడిపియ్యాలె, ఫలానా శత్రువును ఫలానోడు ఒక్కడే ఓడగొట్టాలె. దానికి రాతల్ల చిన్న సూచన ఇస్తరు, చదవొస్తేనే తెలుస్తది. నువ్వు ఆడే ఘట్టానికి వచ్చేటాల్లకు అది తేలిపోయి ఉంటది."

"అంటే ఆడ నేను ఏం జేసినా గంతేనా?"

"గంతే. ఆడ నీ చేతుల ఏం లేదు."

బావ ఫోన్ తిరిగి దానికిచ్చి, దిండుకు ఆనుకొని, "మంచిది" అన్నాడు. ఛాతీ నిండా గాలి పీల్చి వదిలాడు, దగ్గు రాలేదు. నేను రాసే అలవాటున్నదాన్ని కాబట్టి, ఆ ఆటకూ ఓదెలు కాకకూ ముడిపెట్టి ఏదో అనబోయాను. బావ ఒప్పుకోలేదు. "గవన్నీ నీ కితాబుల ముచ్చట్లు. నాకు ఆడ ఫ్యాను గాలి తగులుతుండె, ఎవ్వరు మాట్లాడకపోదురు. గందుకే కూసున్న" అన్నాడు.

ఇప్పుడు మా బడిలో పిల్లలు ఎవరి ఫోన్‌లో వాళ్లు ఆడుకుంటారు. తెలియనిదేదైనా ఉంటే నిమిషంలో వెతికి చూసుకుంటారు, సర్దార్‌ను మొదటిసారే బతికించేస్తారు. మా అప్పటి అజ్ఞానాన్ని నేనేమీ పొగడను. ఆ రాతలు చదవగలిగినవాళ్లు ఒక్కరుంటే బాగుండుననే ఇప్పటికీ అనుకుంటాను. బావ లోపల ఏముందో చదవగలిగినవాళ్లు ఇంట్లో ఒక్కరున్నా బాగుండేది. ఇప్పుడు స్నేహ తరం నోరు తెరిచి భయమేస్తోందని చెబుతుంది, డాక్టరును నిలదీసి అడుగుతుంది. ఒకటి మాత్రం అప్పుడు సులువుగా ఉండేది. పని మానేసిన మనిషి వచ్చి కూర్చోవడానికి ఒక తెరిచిన తలుపు, వెతుక్కుంటూ వచ్చేవాళ్లకు అతను ఎక్కడున్నాడో ఊరందరికీ తెలిసి ఉండటం. ఓదెలు కాక ఎవరినీ దారి అడగవలసిన పని లేకపోయింది.

ఓదెలు కాక చెప్పిన ఆ సోమవారం బావ మొదటి షిఫ్టుకు వెళ్లాడు. నేను దుకాణం తెరవలేదు. అక్క క్వార్టర్‌లో తనకు తోడుగా ఉన్నాను. ఇద్దరం బియ్యం ఏరాం, మళ్లీ ఏరాం. బట్టలు ఉతికి ఆరేశాం, ఎండకముందే తీశాం. షిఫ్టు దిగే సైరన్ కూశాక అక్క గుమ్మంలోకి వెళ్లి నిలబడింది. సైకిళ్లు పోతున్నాయి, గుంపులుగా మనుషులు పోతున్నారు, అందరి ముఖాలూ ఒక్క తీరుగా నల్లగా ఉన్నాయి. ఒక సైకిలు మా వాకిట్లో ఆగింది. బావ దిగి, స్టాండు వేసి, ఏ రోజూ నాగా పెట్టనివాడిలా, "నీళ్లు కాగినయా?" అని అడిగాడు. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. పొయ్యి మీద నీళ్లే పెట్టలేదు. చన్నీళ్లయినా సరేనని తొట్టి దగ్గర కూర్చొని చెంబుతో నెత్తిన పోసుకున్నాడు. నల్లటి నీళ్లు మోరీలోకి పారుతుంటే, అక్క ఒక చెయ్యి కడుపు మీద, ఒక చేతిలో సబ్బు పట్టుకొని పక్కన నిలబడి, ఆయన మెడ వెనక పోని మసిని చూపిస్తూ ఇంకా రుద్దుమని కోప్పడింది.